సంతకమయ్యిందా?

జూలై 1, మంగళవారం

ముప్పై మూడేళ్ళు పంపుహౌసులో గంట గంటకూ లాగ్‌బుక్కు రాసిన చెయ్యి ఊరుకోదు. రిటైరయి పదమూడేళ్ళయినా ఎక్కడైనా తేడా వస్తే రాసిపెట్టుకోవాలనే అనిపిస్తుంది. ఇప్పుడు తేడా వచ్చింది. పంపులో కాదు, నాలో.

తెలుగులో రాస్తున్నాను. ఈ తమిళ ఊళ్ళో, మా ఇంట్లో ఈ అక్షరాలు నేర్చినవాళ్ళం ఇద్దరమే. చిన్నప్పుడు మా తాత నాకు ఇసుకలో దిద్దించాడు. పెళ్ళయిన కొత్తలో నేను మీనాంబాళ్‌కు పలక మీద నేర్పాను. ఆమె ఇప్పుడు మరిచిపోయింది. కొడుకు ముకుందన్ తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. కోడలు నిర్మల తమిళ పిల్ల, ఆమెకు మాట కూడా రాదు. ఈ నోటుబుక్కు హాల్లో టీవీ పక్కన పడేసినా నాకేం భయం లేదు.

ఈరోజు రిపోర్టులు చూపించడానికి వెళ్ళాం. డాక్టరమ్మకు ముప్పై అయిదు దాటి ఉండవు. ఫైలు తిరగేసి, నన్ను చూసి నవ్వి, "తాతా, మీరు కొంచెంసేపు బయట కూర్చోండి. మీ అబ్బాయితో మాట్లాడాలి" అంది. కడుపు నాది. స్కానింగు మిషన్లో పడుకున్నది నేను. బయట కూర్చున్నది కూడా నేనే.

ఇరవై నిమిషాలకు ముకుందన్ వచ్చాడు. ముఖం కడుక్కుని వచ్చాడు, చొక్కా కాలరు తడిగా ఉంది.

"ఏం లేదు నైనా. కడుపులో పుండు. ఆరు దఫాలు సెలైను ఎక్కిస్తే సరిపోతాది."

"పుండుకు సెలైను ఏందిరా?"

"ఇప్పుడు అట్లనే చేస్తారు. కొత్త ట్రీట్‌మెంటు."

సరేనన్నాను. ఇంటికి వచ్చేసరికి మీనాంబాళ్ అన్నం పళ్ళెం ముందు గోడ చూస్తూ కూర్చుని ఉంది. నిర్మల రెండు గంటలుగా బతిమాలుతోందట.

జూలై 3, గురువారం

మొదటి సెలైను. ఆ వార్డు తలుపు మీద పెద్ద తమిళ అక్షరాల్లో పేరు రాసి ఉంది. నా కళ్ళకు ఆపరేషనై ఆర్నెల్లే అయింది, బాగానే కనబడుతుంది. చదవలేదనే అనుకుంటున్నాను.

పక్క కుర్చీలో ఆర్తి అని ఒక పిల్ల. వాళ్ళుండేది లాస్‌పేట. ఇరవై ఏడేళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. ఆమెకూ ఇదే మొదటిసారి. నర్సు ఆమె పక్కన స్టూలు వేసుకుని అరగంట కూర్చుంది. బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చింది. జుట్టు ఎప్పుడు రాలుతుంది, నోరు ఎప్పుడు పూస్తుంది, జ్వరం వస్తే ఏ నంబరుకు ఫోను చెయ్యాలి, ముందుముందు పిల్లలు కావాలంటే ఇప్పుడే ఏం చేసుకోవాలి, అన్నీ చెప్పింది. నేను చెవి అటే వేసి ఉంచాను. తర్వాత నా దగ్గరికి వచ్చి దుప్పటి సర్ది, "తిన్నారా తాతా? ఏం భయం లేదు, నిద్రపోండి" అని వెళ్ళిపోయింది. ఆమె చేతిలో ఆ పుస్తకాలు ఇంకా నాలుగు ఉన్నాయి.

గంటకొకసారి ఇంటికి ఫోను చేసి మీనాంబాళ్‌తో మాట్లాడాను. నా గొంతు వింటేనే ముద్ద మింగుతుంది. అది విని ఆర్తి మన మాటలోనే పలకరించింది. "మీరూ మావాళ్ళేనా తాతా? మా ఇంట్లో కూడా ఇదే మాట." ఆమెకు తెలుగు రాయడం రాదు. ఇక్కడ ఎవరికి వచ్చు గనక.

జూలై 6

వాంతులు. మీనాంబాళ్ బాత్రూము తలుపు బయట నిలబడి "ఎవురది లోపల? ఎవురది?" అని అడుగుతూనే ఉంది.

జూలై 13, ఆదివారం

కొంచెం ఓపిక వచ్చింది. మీనాంబాళ్ తల దువ్వాను.

ఉప్పళం బజారులో యాభై ఏళ్ళు బేరాలాడిన తమిళం ఆమె నోటి నుంచి పోయి రెండేళ్ళయింది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత వీధులు, తర్వాత తమిళమంతా. మిగిలింది పుట్టింటి తెలుగు. అది కూడా ఆ ఇంటికే తెలిసిన తెలుగు. "బండి వచ్చిందా?" అంటే ఆకలేస్తోందని అర్థం. వాళ్ళ నైనా చెరుకు బండి తోలి మధ్యాహ్నం ఇల్లు చేరితేనే ఆ ఇంట్లో అందరికీ అన్నం. ఇది కనిపెట్టడానికి నాకే మూడు నెలలు పట్టింది. నిర్మల ఆ 'బండి' అనే మాట పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి చూసి, ఏ బండీ లేదత్తా అని తమిళంలో చెప్తుంది. ఆ పిల్ల మంచిదే. నేను ఏనాడూ విడమరచి చెప్పింది లేదు.

ఒక్క మాట మాత్రం మీనాంబాళ్‌కు చెక్కుచెదరలేదు. నేను మూలనున్న అంగడికి పోయి వచ్చినా గుమ్మంలో అడుగుతుంది. "వస్తిరా? సంతకమయ్యిందా?"

పంపుహౌసులో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి లాగ్‌బుక్కు చదివి వినిపించాలి. ఏది బాగుంది, ఏది బాగాలేదు, అంతా చెప్పి అతని సంతకం తీసుకుని దిగాలి. నేను చేరిన ఆరో ఏడు, ఒకనాడు రెండో పంపు బేరింగులో శబ్దం మొదలైంది. ఎక్కేవాడు ఇళవరసన్, పెద్దాయన, రిటైర్మెంటుకు మూడు నెలలుంది. ఈ వయసులో ఆయన్ను కంగారుపెట్టడమెందుకు, రేపు నేనే చూసుకుందాంలే అని చెప్పలేదు. సంతకమూ తీసుకోలేదు. బేరింగు పట్టేసింది. ఏమైందో అని ఆయన చెయ్యి పెట్టాడు. రెండు వేళ్ళు పోయాయి.

ఆసుపత్రికి వెళ్తే నన్ను తిట్టలేదు. "చెప్పి ఉంటే చూసుకునుంటా గదప్పా" అన్నాడు, అంతే. ఆ వారం రోజులూ నేను అన్నం తినలేదు. అప్పటి నుంచి మీనాంబాళ్ ఆ ప్రశ్న అడగకుండా నన్ను గుమ్మం దాటనివ్వలేదు.

జూలై 24, గురువారం

రెండో సెలైను. ఆర్తి తలకు పూల గుడ్డ కట్టుకుని వచ్చింది. బాగుందన్నాను. అబద్ధాలు చెప్పొద్దంది.

"మీకు హాయి తాతా. మీకేమీ చెప్పరు. నాకు చూడండి, వచ్చినప్పుడల్లా ఒక పర్సెంటేజీ చెప్తారు. నూరు మందిలో ఇంతమంది, అయిదేళ్ళకు ఇంతమంది. ఇంటికి పోతే ఫోన్లో గ్రూపుల నిండా అదే. అందరూ నాకు చెప్పేవాళ్ళే. తింటివా అని అడిగేవాళ్ళు లేరు. మీ దుప్పటి సర్దిందే ఆ అక్క, నాది సర్దలేదు."

"నీకు తెలివి ఉండాదని చెప్తారమ్మా. నాకు లేదని సర్దుతారు."

ఆమె నవ్వింది. "వయసు తాతా. చిన్నోళ్ళకు చెప్పాల, పెద్దోళ్ళకు సర్దాల. అంతే వాళ్ళకు తెలిసింది."

నా ఇడ్లీ డబ్బా తీసి సగం ఆమెకు పెట్టాను. ఆమె నా సీసా మీద ఇంగ్లీషు పేరు చదివి ఆ మందు లోపలికి పోయి ఏం చేస్తుందో చెప్పింది. ఇన్నాళ్ళకు ఒకరు నాకు ఏదైనా చెప్పారు. ఆ ఊపులో ఫైలు తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. ఎంతవరకు వచ్చిందో చదివి చెప్పమన్నాను. మొదటి పేజీ చూసింది. మూసేసింది.

"వద్దు తాతా. ఇది డాక్టరు చెప్పాల. నేను చెప్తే, నన్ను చూసినప్పుడల్లా మీకు ఇదే గుర్తొస్తాది."

ఆ మాటతోనే నాకు సగం తెలిసింది. తెలియలేదని అనుకుంటే కూడా పోయేదేం లేదు.

జూలై 30, బుధవారం

ముకుందన్ తట్టాంచావడి ఫ్యాక్టరీ నుంచి వచ్చి టీ తాగాక అడిగాను.

"ఎంతవరకు వచ్చిందిరా?"

"ఏంది నైనా?"

"నా జబ్బు."

"డెబ్బై మూడేళ్ళు నీకు. ఈ వయసులో ఆ తలనొప్పంతా నీకెందుకు? సుమ్మా, ఊరికే తిని పడుకో. మేం చూసుకుంటాం."

"మీ అమ్మను?"

"ఆమెనూ మేమే. మేం లేమా?"

"అయితే చెప్పు. బండి వచ్చిందా అంటే ఏంది?"

"ఏం బండి?"

కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వాడు చెడ్డవాడు కాదు. నా మందుల చీటీలు తేదీల వారీగా పిన్ను కొట్టి పెడతాడు. కాని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

నాకు కావలసింది ఓదార్పు కాదు. ఎన్నాళ్ళుందో కావాలి. మీనాంబాళ్‌ను ఇంకొకరి చేతిలో పెట్టడానికి కనీసం రెండు నెలలు పడుతుంది. నేను నిలబడగలిగిన నెలలు. ఈ సెలైను ఎక్కినప్పుడల్లా పది రోజులు మంచం మీదే పోతున్నాయి. మిగిలినవి ఎన్నో తెలిస్తే కదా, వీటికి ఎన్ని ఇవ్వాలో, ఆమెకు ఎన్ని ఉంచాలో తేల్చుకునేది.

ఆగస్టు 2

బరువు 51.

ఆగస్టు 14, గురువారం

మూడో సెలైను. ప్రశ్నలు రాసుకుని వెళ్ళమని ఆర్తి నేర్పింది. తమిళంలో నాలుగు రాసుకున్నాను. జబ్బు పేరేమిటి, ఎక్కడెక్కడికి పాకింది, మందు పనిచేస్తోందా, ఎన్నాళ్ళు.

డాక్టరమ్మ చీటీ చదివింది. చదివి నన్ను చూడలేదు, ముకుందన్‌ను చూసింది. వాడు చెయ్యి చాచి ఆ చీటీ తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"మా నైనాకు కొంచెం భయమెక్కువ డాక్టర్."

"అంతా బాగానే జరుగుతోంది తాతా" అంది ఆమె.

నాకు ఇళవరసన్ చెయ్యి గుర్తొచ్చింది. ఆనాడు నేను కూడా ఇలాగే మంచి మనసుతోనే చెప్పకుండా ఉన్నాను.

ఆగస్టు 15

ముకుందన్‌తో మాట్లాడలేదు.

ఆగస్టు 16

ఈరోజు కూడా మాట్లాడలేదు. వాడు ఉప్మా చేశాడు. బాగుంది. చెప్పలేదు.

ఆగస్టు 23, శనివారం

నాలుగు రోజులుగా నొప్పి లేదు. రెండు దోసెలు తిన్నాను. తగ్గుతోందేమో. అందరూ అదే కదా అంటున్నారు. నేనే అనవసరంగా రాద్ధాంతం చేస్తున్నానేమో.

ఆగస్టు 24

తగ్గలేదు.

సెప్టెంబరు 4, గురువారం

ముకుందన్‌ను మందుల కొట్టుకు పంపి, డాక్టరమ్మ గది తలుపు నేనే తోసుకుని వెళ్ళాను. ఆర్తి నా వెంట వచ్చింది. అబ్బాయిని రానివ్వండి తాతా అంది డాక్టరమ్మ. నేను కూర్చున్నాను.

"అమ్మా, మా ఇంట్లో మా ఆవిడ ఉంది. జ్ఞాపకం లేదు. ఆమె మాట నాకొక్కడికే తెలుసు. నేను దిగిపోయే టైము తెలిస్తే ఇంకొకరికి చెప్పి దిగుతాను. చెప్పకుండా దిగితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒకసారి చేశాను" అన్నాను.

ఆమె కంప్యూటరు వైపున్న కుర్చీని నా వైపు తిప్పుకుంది. "త్యాగరాజన్ సార్" అంది. ఆ గదిలో నాకు పేరు ఉండటం అదే మొదలు.

అన్నీ చెప్పింది. క్లోమంలో క్యాన్సర్. మొదట్లోనే కాలేయానికి పాకి ఉంది. మూడు సెలైన్లకూ అది ఆగలేదు. మందు మార్చి చూడొచ్చు, అయిదారు నెలలు రావచ్చు, ఎక్కువ భాగం మంచం మీదే. ఆపేస్తే మూడు నెలలు, నాలుగు కావచ్చు. నొప్పి తెలియకుండా ఇంటి దగ్గరే మందులు ఇస్తారు. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరని కూడా చెప్పింది. "మీ వయసువాళ్ళు వినడానికి ఇష్టపడరని మేమే అనుకుంటాం సార్. మిమ్మల్నే అడిగి ఉండాల్సింది" అంది.

ధైర్యంగా వింటాననుకున్నాను. అంతా ఉత్తదే. ఆర్తి నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది. నాకు చావాలని లేదు. ఎవరితోనూ అనలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నాకు చావాలని లేదు.

నాలుగో సెలైను వద్దన్నాను.

దారిలో ముకుందన్‌కు చెప్పాను, నాకంతా తెలుసని. వాడు స్కూటరు పక్కకు ఆపి, హ్యాండిలు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. బస్సులు హారను కొడుతూ పోతున్నాయి.

"నువ్వు తట్టుకోలేవని కాదు నైనా. నీకు చెప్తే అది నిజమైపోతాదని."

వాడి వీపు మీద చెయ్యి వేశాను. మూడు వారాల తర్వాత వాడితో మామూలుగా మాట్లాడిన మొదటి మాట, "ఆ పొద్దు ఉప్మా బాగుండిందిరా."

సెప్టెంబరు 8, సోమవారం

నిర్మలకు అప్పగింత మొదలుపెట్టాను. కొత్త నోటుబుక్కు కొని, మీనాంబాళ్ తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాస్తున్నాను. పక్కన అర్థం తమిళంలో. రోజుకు పది మాటలు. నిర్మల వంట చేస్తూ పైకి చదువుతుంది.

'సలి' అంటే చలి కాదు, ఒంటరిగా ఉందని. అప్పుడు దుప్పటి కప్పకూడదు, పక్కన కూర్చోవాలి. మణియమ్మ ఏదీ అని అడిగితే ఆమె అక్క, పోయి ఇరవై ఏళ్ళయింది. పోయిందని చెప్పకూడదు, పూలకు పోయిందని చెప్పాలి. ఎడమ చెయ్యి పట్టుకుంటే కోపం. కుడి చెయ్యి పట్టుకుంటే ఎంత దూరమైనా వస్తుంది.

"ఇంత ఉందా మామా" అంది నిర్మల. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఉల్లిపాయలు కూడా తరుగుతోంది.

సెప్టెంబరు 21, ఆదివారం

ఇంటికి నర్సు వచ్చి నొప్పి మందు మోతాదు పెంచింది. నిర్మల మాట ఇంకా మీనాంబాళ్‌కు పట్టడం లేదు. యాస తేడా అనుకుంటాను. "ఎవురు నువ్వు? యాడ నుంచి వస్తివి?" అని కసిరింది. నిర్మల వెళ్ళి నోటుబుక్కు తెచ్చుకుంది.

ఆర్తి ఫోన్లో వాయిస్ పంపింది. గురువారం ఆపరేషను. నంబర్లేమీ చెప్పలేదు. "తిన్నారా తాతా?" అంది, అంతే. తిన్నాను, నువ్వు తింటివా అని పంపాను. ఈ పిల్ల బతకాలి. దేవుణ్ణి నేను పెద్దగా ఏమీ అడిగినవాణ్ణి కాదు. ఇది అడిగాను.

అక్టోబరు 2, గురువారం

అప్పగింత నోటుబుక్కు చివరి పేజీకి వచ్చింది. అంతా అయిందన్నాను. నిర్మల మూసి పక్కన పెట్టి, కొంచెం తటపటాయించి అడిగింది. "మామా, అత్తకు చెప్పారా? మీ సంగతి?"

"ఆమెకు ఏం తెలుస్తుందమ్మా? ఈ స్థితిలో, ఈ వయసులో ఆమెకు ఎందుకు అదంతా?"

అనేశాక నా మాట నాకే వినబడింది. ముకుందన్ మాట. నర్సు దుప్పటి. నా బేరింగు. మూడు నెలలుగా అందరి మీదా మండిపడ్డాను. ఇంట్లో వాంతులు చేసుకుంటూ, తలుపు అవతల ఆమె ఎవురది అని అడుగుతుంటే, ఒక్కసారి కూడా నేనేనని పలకలేదు. సిగ్గుగా ఉంది.

అక్టోబరు 3

చెప్పలేదు.

అక్టోబరు 4

చెప్పలేదు. మబ్బుగా ఉంది.

అక్టోబరు 5, ఆదివారం

పొద్దున తల దువ్వి, ఎదురుగా కూర్చుని చెప్పాను.

"మీనా, నాకు జబ్బు. కడుపులో. బాగవదు. ఇంకొంత కాలానికి నేను పోతాను."

చాలాసేపు చూసింది. వినలేదేమో అనుకున్నాను. అప్పుడు ఆమె ముఖం ముడుచుకుపోయింది. ఏడ్చింది. కాసేపటికి ఎందుకు ఏడుస్తోందో మరిచిపోయినట్టుంది, చీర కొంగు చూసుకుంది, గోడ చూసింది. కాని ఏడుపు మాత్రం ఆగలేదు. చెప్పి తప్పు చేశానా అనుకున్నాను. ఆమె చెయ్యి, కుడి చెయ్యి, పట్టుకుని కూర్చున్నాను. నేనూ ఏడ్చాను.

తర్వాత కళ్ళు తుడుచుకుని, గుమ్మంలో అడిగే గొంతుతో అడిగింది.

"మీరు దిగితే ఎవురు వస్తారు?"

"నిర్మల."

"ఆ పిల్లకు అన్నీ చెప్తిరా?"

"చెప్పినా."

"సంతకమయ్యిందా?"

నేను ఈ నోటుబుక్కు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి పెన్ను ఇచ్చాను. "నువ్వు పెట్టు మీనా. నీకే కదా చెప్తిని."

పెన్ను ఎలా పట్టుకోవాలో వేళ్ళకు గుర్తుంది. 'మీ' అని రాసింది. పలక మీద నేర్పిన నాటి లాగానే, గుడిదీర్ఘం పెద్దదిగా. తర్వాత రెండో అక్షరం రాలేదు. పెన్ను అక్కడే ఆనించి నా ముఖం చూసింది. చాలు అన్నాను. ఆ పక్కనే నిర్మల తమిళంలో సంతకం చేసి తేదీ వేసింది.

అక్టోబరు 6, సోమవారం

మీనాంబాళ్ నన్ను చూసి, "ఏంది ఇట్ల చిక్కిపోతిరి?" అంది.

నిన్నటిదంతా పోయింది. ముకుందన్ నా వెనక నిలబడి వద్దు నైనా అన్నట్టు తల ఊపాడు. వాడి భయం వాడిది. నేను నిన్నటి పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాను.

"ఇది ఎవరి చెయ్యి?"

వేలితో ఆ అక్షరం మీద రెండుసార్లు దిద్దింది. "నాదే."

"నీకు చెప్పినా. విని పెడితివి."

"వింటినా?" అంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. "సరే అయితే." నా మోకాలి మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చుంది. రేపు మళ్ళీ అడిగితే మళ్ళీ చూపిస్తాను. నేనున్నన్నాళ్ళూ చూపిస్తాను.

మధ్యాహ్నం వాకిలి వైపు చూసి, "బండి వచ్చిందా?" అంది.

నాకు అలవాటుగా చేతులు కుర్చీ పట్టుకున్నాయి. ఆలోగా వంటింట్లోంచి, వంకరటింకర తెలుగులో, "వచ్చె అత్తా, వచ్చె" అని వినబడింది. నిర్మల పళ్ళెంతో వచ్చి ఆమె కుడి పక్కన కూర్చుంది. మీనాంబాళ్ నోరు తెరిచింది.

నేను లేవలేదు.